ఏడూ పదికి రెండు రింగులు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పగటిపూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు తను కళ్లు తిరిగి పడిపోతుంది. రెండేళ్ల పాప పక్కనే కూర్చుని, అమ్మ నిద్రపోతోందనుకుని చెంపలు తడుతూ ఉంటుంది. పాలు కావాలని ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి ఊరుకుంటుంది. సాయంత్రం దాకా ఆ తలుపు ఎవరూ తట్టరు.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఒకసారి స్నానాల గదిలో అలాగే పడింది. కళ్లు తెరిచేసరికి బకెట్టు నిండి నీళ్లు గడప దాటి పారుతున్నాయి. మంచం మీద పాపకు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఎంతసేపు పడి ఉందో ఆమెకే తెలియదు. ఇంటికొచ్చాక భర్తకు చెబితే, "పొద్దున ఏమీ తిని ఉండవు. రెండు బ్రెడ్డు ముక్కలైనా తినొచ్చుగా" అన్నాడు. తప్పు మాటేం కాదు. కాకపోతే ఆ మాటతో అతని మట్టుకు ఆ సంగతి ముగిసిపోయింది. ఆమె మాత్రం ఆ మర్నాటి నుంచి పగలు ముందు తలుపుకు గడియ పెట్టడం మానేసింది. దొంగలొస్తారన్న భయం దీని ముందు చిన్నదైపోయింది.

ఆ శుక్రవారం పొద్దున వంటింట్లో ఎప్పటిలాగే కాలు పెట్టే సందు లేదు. అత్తగారు రిజిస్ట్రారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన ఏడాదే సేవా క్లబ్బుకు అధ్యక్షురాలయ్యారు. అప్పటి నుంచి ఇల్లు సగం క్లబ్బుదే. పాత కళ్లజోళ్ల పెట్టెలు మంచం కింద, బ్యానర్ల చుట్టలు బీరువా పైన, చీపుళ్ల కట్టలు వరండాలో.

"ప్రెసిడెంటు గారూ, నా చెప్పులు కూడా దానం చేసేశారా?" అని భర్త అట్టపెట్టెల మధ్య వంగి వెతుకుతున్నాడు. అతను మందుల కంపెనీకి వ్యాను నడుపుతాడు. సెలవు రోజుల్లో ఆ వ్యానే క్లబ్బుకు తిరుగుతుంది.

"అవి ఎవరు పుచ్చుకుంటార్రా" అన్నారు అత్తగారు తలెత్తకుండా.

ఆవిడ ఫ్రిజ్ తలుపు మీది క్యాలెండరు ముందు నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ పెన్నుతో రాసినవన్నీ క్లబ్బు చేయబోయే పనులు. శనివారం కంటి శిబిరం. వచ్చే ఆదివారం పార్కు శుభ్రం. పదహారున రక్తదానం. నెలాఖరున బడి గోడలకు రంగులు. ఒక్కో దాని పక్కన ఎవరెవరు వస్తారో, నీళ్ల క్యాన్లు ఎవరు తెస్తారో, ఫొటోలు ఎవరు తీస్తారో. ఆ క్యాలెండరుకు ఎక్కని పని ఒక్కటే ఉంది. రోజూ ఉండేది కాబట్టి దానికి తేదీ లేదు. దాని పేరు 'పొద్దుటి పలకరింపు'. దాన్ని చూసేది కోడలు.

"ఇది నీకు తేలికే అమ్మాయ్. రాసే పనేం లేదు, టిక్కులు పెట్టడమే" అంటూ అత్తగారు నోటుపుస్తకం చేతికిచ్చారు మొదటిరోజు. ఎగతాళికి అనలేదు. అయినా పదో తరగతి మధ్యలో ఆగిపోయిన పిల్లకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

పని నిజంగా తేలికే. డెబ్బై దాటి ఒంటరిగా ఉంటున్నవాళ్లు పదకొండు మంది. పొద్దున ఏడుకూ ఎనిమిదికీ మధ్య క్లబ్బు ఫోనుకు రెండు రింగులిచ్చి పెట్టేస్తే, 'బాగున్నాను' అని అర్థం. ఎనిమిది దాటినా ఎవరిదైనా మోగకపోతే ఆమె ఫోను చేయాలి. ఎత్తకపోతే ఆ వీధిలో ఉండే సభ్యుణ్ణి పంపాలి.

ఆ పదకొండు మందిలో గడియారాలు బాగుచేసే తాత ఒకడు. ఆయన రింగు సరిగ్గా ఏడూ పదికి వచ్చేది. ఆమె దాన్ని చూసి గోడ గడియారం సరిచేసుకునేది. ఒకరోజు రెండు రింగులూ అయ్యాక మళ్లీ మోగింది, ఆగకుండా. ఆమె కంగారుగా ఎత్తింది.

"తాతగారూ, ఏమైంది?"

"నాకేమవుతుంది. నీకేమైనా అయిందేమోనని చేశా."

"నాకా?"

"రోజూ నేనున్నానని నీకు తెలుస్తోంది. నువ్వున్నావని నాకెలా తెలియాలి? పుస్తకంలో టిక్కు పెడతావటగా. అది ఇక్కడికి కనపడదే."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే, కన్నతల్లికి కూడా చెప్పని సంగతి, ముఖమైనా తెలియని మనిషికి చెప్పేసింది. స్నానాల గది, నిండిపోయిన బకెట్టు, పాప చెంపలు తట్టడం, అన్నీ. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా 'ఏం కాదులే' అనలేదు. అంతా విని, "అయితే నువ్వూ రెండు మోగించు" అన్నాడు. "నాది మోగాక నీది. మోగలేదనుకో, నేనొచ్చేస్తా."

"మూడో అంతస్తులో ఉంటారు, మోకాళ్లు పట్టేస్తాయంటారు. ఎలా వస్తారు?"

"ఎక్కడానికే మోకాళ్లు కావాలి. దిగడం సంగతి ఒంటి బరువు చూసుకుంటుంది. అడ్రసు చెప్పు, రాసుకుంటా."

ఐదు నెలలు అలా నడిచింది. ఏడూ పదికి ఆయనవి రెండు, వెంటనే ఆమెవి రెండు. ఆ తర్వాతే పొయ్యి మీద పాలు పెట్టేది.

"అమ్మాయ్" అన్నారు అత్తగారు క్యాలెండరు నుంచి ఇటు తిరిగి, "రేపు క్లబ్బు ఫోను నేను పట్టుకెళ్తున్నా. శిబిరం కరపత్రాల మీద ఆ నంబరే వేశారు. పుస్తకం కూడా ఇటివ్వు."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "మరి రేపటి రింగులు?"

"రేపొక్కరోజు ఇవ్వక్కర్లేదని అందరికీ చెప్పించాను. గడియారాలాయనే ఎత్తలేదు. బల్ల ముందు కూర్చుంటే ఫోను సొరుగులో పడేస్తాడటగా. ఇస్తే ఇస్తాడు, నేను చూస్తాగా."

"చూడ్డం ఒక్కటే కాదత్తయ్యా. మనం కూడా ఆయనకు తిరిగి రెండు రింగులివ్వాలి."

"మనమా? దేనికి?"

చెప్పాల్సిందంతా నాలుక మీదికొచ్చింది. కళ్లజోళ్ల పెట్టెలు, బ్యానర్లు, మంచినీళ్ల లెక్కలు, ఇంతమంది పెద్దవాళ్ల కష్టాలు మోసే మనిషి ముందు తన భయం ఎంత చిన్నదిగా వినపడుతుందో అనిపించింది. "ఊరికే... ఆయనకు అలవాటు" అంది.

"ఇదే మన పనుల్లో చిక్కు" అని నవ్వారు అత్తగారు. "ఒకటి చేస్తే ఇంకోటి అలవాటు చేసుకుంటారు. వాళ్లను మనం కనిపెట్టుకుని ఉండాలి గానీ, వాళ్లు మనల్నా?"

ఆమె భర్త వైపు తిరిగింది. ఆమె ఫోను పాప నీళ్ల బకెట్లో వేసి పది రోజులైంది. బాగుచేయిస్తానని తీసుకున్న మనిషి జేబులోనే తిరుగుతోంది. "నా ఫోను ఇవాళైనా ఇప్పిస్తావా?"

"ఎల్లుండి తప్పకుండా. రేపు రోజంతా శిబిరంలోనే ఉంటాగా."

"పాపకు కూడా ఒళ్లు వెచ్చగా ఉంది."

అత్తగారు వచ్చి పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "వెనక పళ్లొస్తున్నాయి దీనికి. అన్నిటికీ కంగారే నీకు. ఒక్కరోజుకేం కాదులే."

శనివారం ఆరున్నరకల్లా ఇల్లు ఖాళీ అయింది. పాపకు జ్వరం తగ్గలేదు, పెరిగింది. ఏడూ పది అయింది. వంటింటి అలమారలో ఫోను ఉండే చోట దుమ్ము లేని నలుచదరపు జాగా ఒకటి కనపడుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఆయన మోగించి ఉంటాడు. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని చూస్తూ ఉంటాడు.

పక్కింటికి వెళ్లింది. తాళం. వాళ్లూ కళ్లు చూపించుకోవడానికి శిబిరానికే వెళ్లారు. ఫోను దొరికినా ఆయన నంబరులో చివరి రెండంకెలే గుర్తున్నాయి. ఎనిమిదింటికి చెప్పులు వేసుకుని పాపను భుజాన వేసుకుంది. ఆయన ఇంటికి ఒక బస్సు, ఆపైన పది నిమిషాల నడక. పాప ఒళ్లు భుజం మీద కాలిపోతోంది. ఒక్కరోజుకేం కాదులే, అని తనకు తనే చెప్పుకుని చెప్పులు విడిచేసింది. అరగంటకు మళ్లీ వేసుకుంది, మళ్లీ విడిచేసింది.

పది కావస్తుండగా వీధి చివర అంబులెన్సు సైరను వినిపించింది. అప్పుడే కన్నంటుకున్న పాప ఎక్కడ లేస్తుందోనని ఆమె కిటికీ తలుపు మూసింది.

కాసేపటికి వరండాలో అడుగుల చప్పుడైంది. తలుపు ఒక్క తోపుతో గోడకు కొట్టుకుంది. బస్టాపు పక్కన మందుల దుకాణం నడిపే ఆవిడ, వెనక ఇద్దరు మగవాళ్లు. ఒకతని చేతిలో షట్టరు లాగే ఇనుప కడ్డీ ఉంది. గడియ పెట్టని తలుపును అంత బలంగా తోసినందుకు ముగ్గురూ లోపలికి తూలారు.

"బాగానే ఉన్నావా తల్లీ" అంది దుకాణం ఆవిడ రొప్పుతూ. "పాపేది?"

"పడుకుంది. ఏమైందండీ? ఎవరు మీరంతా?"

ఆవిడ జవాబు చెప్పకుండా ఒక కాగితం అందించింది. గడియారాల పట్టీలు చుట్టి వచ్చే మందపాటి కాగితం. దాని మీద ఈ ఇంటి అడ్రసు. కింద వణికే అక్షరాల్లో నాలుగు వాక్యాలు.

'ఈ ఇంట్లో ఒక తల్లి పడిపోయి ఉండొచ్చు, పక్కన రెండేళ్ల పాప ఉంది. నేను చేరలేకపోతే దయచేసి ఎవరైనా వెళ్లండి. తలుపు తీయకపోతే పగలగొట్టండి. తలుపు నేను బాగుచేస్తాను.'

"బస్సు దిగుతూ పడ్డాడమ్మా" అంది ఆవిడ. "ఆఖరి మెట్టు. తుంటి విరిగినట్టుంది, లేవలేకపోయాడు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే కూడా 'నన్ను కాదు, ముందు అక్కడికి' అని ఈ కాగితం నా గుప్పిట్లో కుక్కాడు."

మూడంతస్తులు దిగాడు. పది నిమిషాలు నడిచాడు. బస్సెక్కాడు. ఆమె గుమ్మానికి రెండు వందల అడుగుల దూరంలో పడ్డాడు. ఆ సైరను పాపను లేపుతుందనే ఆమె కిటికీ మూసింది.

ఆసుపత్రిలో పన్నెండో నంబరు మంచం మీద ఆయన్ను మొదటిసారి చూసింది. అనుకున్నదానికన్నా చిన్న మనిషి. ఏళ్ల తరబడి భూతద్దం పెట్టుకోవడంతో కుడి కంటి చుట్టూ గుండ్రంగా నల్లటి మచ్చ పడి ఉంది.

"తాతగారూ, నేనే."

ఆయన ఆమెను చూశాడు. చంకలో పాపను చూశాడు. "బతికే ఉన్నావు" అన్నాడు.

"ఉన్నాను."

"మరి మోగించలేదేం?"

అది కోపమే. పొద్దుటి నుంచి దాచి ఉంచిన కోపం. "పదకొండు సార్లు చేశాను. ఫోను లేకపోతే లేదని ముందు చెప్పొద్దూ?"

ఆమె ఏడుస్తూ మంచం కడ్డీ పట్టుకుంది. ఆయన కాసేపు గొణిగి, పాప వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈవిడేనా చెంపలు వాయించేది?"

అత్తగారూ భర్తా మూడు గంటలకు వచ్చారు. అత్తగారి చీర మీద క్లబ్బు బ్యాడ్జి ఇంకా ఉంది. సంగతంతా దుకాణం ఆవిడ అతనికి ఫోనులోనే చెప్పింది. వరండాలో కోడలు కనపడగానే అత్తగారు నోటుపుస్తకం తీసి చూపించారు.

"నేను చూశానమ్మా. ఏడూ పదికి రెండు రింగులొచ్చాయి. ఇదిగో, టిక్కు కూడా పెట్టాను. ఆయన బాగున్నాడనేగా దానర్థం?"

టిక్కు ఉంది. తేదీ పక్కన, గీత దాటకుండా.

"ఆయన బాగానే ఉన్నారత్తయ్యా అప్పుడు. నేను బాగున్నానో లేదో ఆయనకు తెలియలేదు."

"నీకేమైంది? ఇంట్లోనే ఉన్నావుగా."

"ఇంట్లోనే ఉన్నాను. పొద్దున మీరు వెళ్లిన దగ్గర్నుంచి సాయంత్రం మీరొచ్చేదాకా ఇంట్లోనే ఉంటాను. ఉన్నానో పోయానో కనుక్కునే మనిషి ఆయనొక్కడే."

"అవేం మాటలు" అన్నాడు భర్త. "అంత భయమైతే నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాను. బ్రెడ్డు తినమన్నావు."

అతను వ్యాను తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. ఆమె కాగితం తీసి అత్తగారికి ఇచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు.

"ఈ తలుపు... మన తలుపేనా?"

"మనదే."

అత్తగారు సంచిలోంచి క్లబ్బు ఫోను తీశారు. ఒకే నంబరు నుంచి పదకొండు పిలుపులు. చివరిది ఎనిమిదీ నలభైకి. "స్టేజి మీదికి పిలిచారు. చప్పుడు తీసేసి సంచిలో వేశాను" అని బల్ల మీద కూర్చుండిపోయారు. ఎంతమంది వచ్చినా చెదరని జుట్టు ముడి జారి మెడ మీద పడింది. "నువ్వు నిన్న చెప్పబోయావు. నేనే నవ్వి ఆపేశాను."

"నేనూ చెప్పలేదత్తయ్యా. సిగ్గేసింది."

"నా ఇంట్లో నీకు భయపడటానికి కూడా సిగ్గేసేలా చేశాను" అన్నారావిడ. బ్యాడ్జి తీసి నోటుపుస్తకంలో పెట్టి మూశారు. కోడలి చెయ్యి పట్టుకోబోయి, పాప చెయ్యి పట్టుకుని ఏడ్చారు.

ఆ తర్వాత ఐదు రోజులు ఆవిడ ఏ పనికీ వెళ్లలేదు. పార్కు శుభ్రానికి చీపుళ్లు కూడా ఎవరో వచ్చి పట్టుకెళ్లారు. రోజూ కోడలితోపాటు పన్నెండో నంబరు మంచం దగ్గర కూర్చున్నారు. తాతకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మాట తగ్గిపోయింది. ఐదో రోజు మాత్రం ఎదురు గోడ మీది గడియారాన్ని చూపించి, "నాలుగు నిమిషాలు వెనకుంది. ఎవరికీ పట్టదా?" అన్నాడు.

అత్తగారు లేచి స్టూలు లాక్కుని, చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి ముల్లు జరిపారు. నర్సు వచ్చి, దిగండమ్మా, ఈ వయసులో మీరు కూడా పడతారా అని కేకలేసింది. తాత కళ్లు మూసుకునే కొంచెం నవ్వాడు. మర్నాడు తెల్లవారుజామున పోయాడు. వార్డులోకి తొమ్మిదింటికి గానీ రానివ్వరు. వీళ్లు వెళ్లేసరికి మంచం మీద కొత్త దుప్పటి వేసి ఉంది.

క్లబ్బు సమావేశంలో 'పొద్దుటి పలకరింపు' ఎత్తేశారు. రేపు ఇంకెవరికైనా ఏదైనా అయితే బాధ్యత ఎవరిదన్నారు. అత్తగారు గంటసేపు వాదించారు. తొమ్మిది మంది అటు, ముగ్గురు ఇటు. ఇప్పుడు మిగిలిన పది మందికీ యంత్రం ఫోను చేస్తుంది. బాగుంటే ఒకటి నొక్కమంటుంది. కుట్టుపని చేసిన అవ్వ ఒకావిడకు వేళ్లు వంగవు, నొక్కలేక పెట్టేస్తుందట. ఆవిడ ఇంటికి ఎవరైనా వెళుతున్నారో లేదో తెలియదు. పుస్తకం క్లబ్బు వాళ్లు తీసుకుపోయారు. క్యాలెండరులో ఆకుపచ్చ అక్షరాలతో రక్తదానం, బడి గోడలు అలాగే ఉన్నాయి. 'సంతాప సభ, ఫొటోలు' అని ఎవరో రాసి వెళ్తే అత్తగారు దాన్ని కాగితం చిరిగేదాకా కొట్టేశారు.

ఆమె ఫోను బాగై వచ్చింది. ఏడూ పదికి అత్తగారు బయట ఎక్కడున్నా రెండు రింగులిస్తారు. కోడలు తిరిగి రెండిస్తుంది. అది ప్రేమే, కాదనడానికి లేదు. కాని ఒకరోజు పాప పాలు ఒలకబోసిన హడావిడిలో ఆమె తిరిగి మోగించడం మరిచిపోయింది. గుర్తొచ్చి, కావాలనే మోగించకుండా కూర్చుని తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. తొమ్మిదిన్నరకు ఫోను మోగింది.

"మాటల్లో పడి చూసుకోలేదమ్మా" అని అవతల అత్తగారు వెక్కుతున్నారు. "ఇప్పుడే చూశాను. ఉన్నావా?"

"ఉన్నానత్తయ్యా" అంది. ఏడవొద్దని కూడా అంది. ఆవిడ మీద కోపం రాలేదు. దిగి వచ్చే మనిషి ఇక లేడని మాత్రం తెలిసింది.

ఇప్పటికీ ఆమె తలుపుకు గడియ పెట్టదు.

మీ పై అంతస్తులోనో, ఎదురింట్లోనో చంటిపిల్లతో పగలంతా ఒక్కతే ఉండే తల్లి ఉండే ఉంటుంది. ఇది చదవడం అయ్యాక ఒకసారి వెళ్లి తలుపు తట్టండి. బాగానే ఉన్నానంటుంది. ఆ మాట వినగానే వెనక్కి వచ్చేయకండి. కాసేపు నిలబడండి.